కింది వరుస నుంచి మొదలయ్యే గ్రిడ్

సూరత్‌లో సాఫ్ట్‌వేర్ పని చేశానంటే ఇక్కడివాళ్లే నవ్వుతారు. ఈ ఊళ్లో బట్ట నేస్తారు, వజ్రం సానబెడతారు, పొద్దున్నే లోచో తింటారు. కోడ్ రాయాలంటే బెంగుళూరు పోతారు. నేను పోలేదు. వరాఛాలో వజ్రాలు సానబట్టే ఒక కార్ఖానా పై అంతస్తులో, ఎనిమిది మంది కూర్చునే ఆఫీసులో ఇరవై ఏడేళ్లు పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. కింద చక్రాలు తిరుగుతుంటే పైన మా టేబుళ్లు సన్నగా వణుకుతుండేవి.

నా పని ఫారాలు, గ్రిడ్లు. అంటే తెర మీద కనిపించే పెట్టెలు, గళ్లు. ఏ గడిలో ఏం కొట్టాలి, ఎంటర్ కొడితే కర్సర్ ఎటు పోవాలి, తప్పు కొడితే ఏది ఎర్రబడాలి, ఇవే నా బతుకు. లోపలి లెక్కల కోడ్ రాసేవాళ్లను ఆఫీసులో మేధావులనేవారు, మమ్మల్నేమో రంగులద్దేవాళ్లనేవారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనిషి వేలు తగిలేది మా గడికే. అక్కడ వేలు తడబడితే లోపలి మేధస్సంతా గంగపాలే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు మీరు ఒక్క లైనులో గ్రిడ్ తెచ్చి పేజీలో పెట్టేస్తున్నారు, సంతోషం. నేను ఘోరంగా చెడగొట్టి, తర్వాత తలెత్తుకునేలా బాగుచేసిన ఒక గ్రిడ్ సంగతి చెబుతాను.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. పర్వత్ పాటియా అవతల ఒక మగ్గాల కార్ఖానాకు కొత్త మగ్గాలొచ్చాయి. పాత మగ్గానికి డిజైన్ చెప్పాలంటే చెక్కపట్టీల్లో మేకులు దిగ్గొట్టాలి. కొత్తదానికి పెన్‌డ్రైవ్ పెడితే చాలు. ఆ పెన్‌డ్రైవ్‌లోకి డిజైన్ ఎక్కించే ప్రోగ్రాం మేం చేయాలి.

డిజైనంటే పూలూ లతలూ అనుకోకండి. గళ్ల కాగితం. మగ్గంలో పడుగు పోగుల్ని పైకెత్తే చట్రాలు పదహారు ఉంటే కాగితంలో అడ్డంగా పదహారు గళ్లుంటాయి. ఒక్కో వరుస ఒక్కో పేక పోగు. ఆ పోగు దూరేటప్పుడు ఏ చట్రం లేవాలో ఆ గడి నింపుతారు, లేవకూడనిది ఖాళీగా వదిలేస్తారు. ఆ కాగితాలు గీసేది కార్ఖానాలోని డిజైన్ మాస్టరు. మనవాడే. పద్దెనిమిదో ఏట సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, ఇరవై ఏళ్లు మగ్గం నడిపి, ఆ తర్వాత డిజైన్ల గదిలోకి ఎక్కినవాడు. అప్పటికి యాభై అయిదు దాటాయి, కూతురు ఇంకా చదువుకుంటోంది.

నేనూ నేతగాడి బిడ్డనే. మా నాన్న ఇదే ఊళ్లో మగ్గం నడిపి మమ్మల్ని చదివించాడు. అందుకని ఈ పని నా చేతికి రాగానే, నాకు తెలియని సంగతా ఇది అని ఛాతీ విరుచుకున్నాను. కాగితం మీదా గళ్లే, నా దగ్గరా గళ్లే, ఇంకేం కావాలి? నాకు కాగితాలు చూపించింది కార్ఖానా యజమాని శేఠ్ మేనల్లుడు. కంప్యూటర్ ముందు కూర్చోబోయేదీ అతనే. ఆ కాగితాలు గీసిన మనిషితో నేను ఒక్క మాట మాట్లాడలేదు. పదిహేను రోజుల్లో గ్రిడ్ తయారైంది. గడిని ఎంచుకుని నొక్కితే నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే తెల్లబడుతుంది. చూపించిన రోజు మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. మాస్టరు గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశాడు. నేను ఆయనకు ఒక నమస్తే పెట్టి, వాళ్లిచ్చిన ఫాఫడా తిని వచ్చేశాను. ఇల్లలకగానే పండగ కాదని మనవాళ్లు ఊరికే అనలేదు.

మొదటి రెండు డిజైన్లు చక్కగా వచ్చాయి. రెండూ చిన్న చిన్న గళ్ల బట్టలు, తలకిందులు చేసినా ఒకేలా ఉంటాయి. అందుకే ఎవరికీ ఏమీ తెలియలేదు. మూడోది ఏటవాలు గీతల బట్ట, ఒక బడి యూనిఫారాల కోసం. గీత ఎడమ నుంచి కుడికి ఎక్కాలి. నేసిన బట్టలో కుడి నుంచి ఎడమకు ఎక్కింది. ఇదేమంత పెద్ద విషయం అనుకుంటారేమో. పాత తాను ముక్కనూ కొత్త తాను ముక్కనూ పక్కపక్కన పెట్టి కుడితే, రంగు ఒకటే అయినా ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తుంది. కొనేవాళ్లు నమూనాను వెనక్కి పంపేశారు.

శేఠ్ మేనల్లుణ్ణి పిలిచి అడిగాడు. "కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను మామా," అన్నాడతను. అది నిజమే. మాస్టర్ని అడిగాడు. "నా కాగితం సక్కగనే ఉన్నది శేఠ్," అన్నాడాయన. అదీ నిజమే. ఇద్దరూ నిజమే చెబుతుంటే తప్పు ఎవరి మీద పడుతుంది? వయసు మీద పడ్డ మనిషి మీద పడింది. శేఠ్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. వచ్చే శనివారం కొనేవాళ్ల మనిషి మళ్లీ వస్తాడు, ఆ రోజు మాస్టరే స్వయంగా డిజైన్ కంప్యూటర్‌లోకి ఎక్కించి సరైన బట్ట నేయించి చూపాలి, చేతకాకపోతే ఇక డిజైన్లన్నీ మేనల్లుడు చూసుకుంటాడు, మాస్టరు తిరిగి మగ్గాల మీదికి పోవాలి అని తేల్చేశాడు.

మగ్గాల మీదికి పోవడమంటే రోజుకు పన్నెండు గంటలు నిలబడి అటూ ఇటూ తిరగడం. మాస్టరు డిజైన్ల గది మెట్లు నాలుగూ గోడ పట్టుకుని ఎక్కేవాడు.

శేఠ్ దగ్గర్నించి మా ఆఫీసుకు ఫోనొచ్చింది. మా బాసు సౌరాష్ట్ర మనిషి, ఆడవాళ్లందరినీ బెన్, అంటే అక్కా, అనే పిలుస్తాడు. ఏ సమస్యకైనా ఆయన దగ్గర ఒకటే మందు. "బెన్, వెళ్లి ట్రైనింగ్ ఇచ్చి రా. పాతకాలం మనిషి, మౌస్ పట్టుకోవడం నేర్పు," అన్నాడు. నేనూ అంతే అనుకుని, ట్రైనింగ్ ఇచ్చే మొహం ఒకటి తగిలించుకుని సోమవారం పొద్దున్నే వెళ్లాను.

మాస్టరు కంప్యూటర్ ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. నా గ్రిడ్‌లో గడి మీద మొదటిసారి నొక్కితే గడి ఎంపికవుతుంది, రెండోసారి నొక్కితే నిండుతుంది. ఆయన ఒక్కసారే నొక్కి పక్క గడికి పోతున్నాడు. సగం గళ్లు ఖాళీగానే ఉన్నాయి.

"ఏంది చెల్లె గిది? ఒక్క గడికి రెండుసార్లు కొట్టాల్నా?"

"మొదటిసారి కొడితే గడిని పట్టుకుంటది అన్నా, రెండోసారి కొడితే నింపుతది."

"పట్టుకునుడెందుకు? అదేమన్న ఉరుకుతదా?"

ఇన్నేళ్లలో వందల గ్రిడ్లు పెట్టాను, ఈ మాట ఎవరూ అడగలేదు. మౌస్ పక్కకు నెట్టి, "అన్నా, దీన్ని ఇడిసిపెట్టు. కాగితం మీద ఎట్ల గీస్తవో జర గీసి చూపియ్యి," అన్నాను.

ఆయన మొహం తేటపడింది. గళ్ల కాగితం తీసి, టేబుల్ మీద చేత్తో సాపు చేసి, పెన్సిల్ మొనను కాగితం అడుగున ఎడమ మూల పెట్టాడు. మొదటి వరుస అక్కడ గీశాడు. రెండో వరుస దాని పైన, మూడోది దాని పైన. గీస్తూ నోటితో సన్నగా అంటున్నాడు: "మూడెత్తు, ఒకటి ఇడుపు, రెండెత్తు, రెండిడుపు..."

"అన్నా, కిందికెళ్లి ఎందుకు మొదలువెడుతున్నవు?"

నన్ను వింతగా చూశాడు. "మరెక్కడికెళ్లి మొదలువెట్టాలె? ముందుగాల దూరిన పోగు అడుగుకుంటది, దాని మీద రెండోది, దాని మీద మూడోది. బట్ట గట్లనే గద పెరిగేది. పునాది ఇడిసిపెట్టి స్లాబుకెళ్లి కడతరా ఎవలన్న ఇల్లు?"

జరిగింది ఇదీ. ఆయన కాగితంలో ఒకటో వరుస అడుగున ఉంది. నా గ్రిడ్‌లో ఒకటో వరుస పైన ఉంది. మేనల్లుడు కాగితం చూసి గళ్లు ఉన్నవి ఉన్నట్టే నింపాడు. మగ్గం మాత్రం నేను చెప్పినట్టు పై వరుసను మొదటి పోగనుకుని నేసింది. డిజైన్ తలకిందులైంది, గీత ఎదురు తిరిగింది. ప్రపంచంలోని ప్రతి గ్రిడ్ పైనుంచి కిందికి వస్తుంది కాబట్టి నేత కూడా అలాగే వస్తుందనుకున్నాను. ఎవరో వజ్రాలవాళ్ల బిడ్డ ఈ తప్పు చేస్తే వేరు. మగ్గం ముందు పారాడి పెరిగిన నేను చేశాను. పోగు మీద పోగు ఎక్కి బట్ట పెరగడం నా కళ్లతో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"అన్నా, తప్పు నీది కాదు. నాది," అన్నాను.

"నీది గూడ ఎందుకైతది చెల్లె, మిషినిదై ఉంటది," అన్నాడాయన, నన్ను ఓదారుస్తున్నట్టు. అది ఇంకా గుచ్చుకుంది.

నేరుగా శేఠ్ గదికి పోయి ఉన్న సంగతి చెప్పేశాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. "బెన్, తప్పు ఎవరిదో నాకొద్దు. శనివారం బట్ట సరిగ్గా రావాలి, మాస్టర్ తన చేత్తో ఎక్కించాలి. నాకు రేపు పదిహేను డిజైన్లొస్తే పక్కన నువ్వొచ్చి కూర్చుంటావా?" అన్నాడు. కాదనడానికి లేదు. మాస్టరు నిలబడాలంటే నా గ్రిడ్ మారాలి. అందుకు మధ్యలో నాలుగు రోజులున్నాయి.

మా బాసు వినలేదు. "ప్రపంచంలో ఏ గ్రిడ్డూ కిందినుంచి మొదలవదు బెన్. కాగితం తిరగేసి పెట్టుకోమను," అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. (తర్వాత రోజుల్లో అదే మనిషి ప్రతి కార్ఖానాలో "మా గ్రిడ్ కిందినుంచి మొదలవుతుంది, ఇంకెవరి దగ్గరా లేదు" అని మీసం దువ్వుకుని చూపించేవాడు. నేను పక్కనుండి కిటికీలోంచి చూసేదాన్ని.) ఆ రోజు మాత్రం నేను గట్టిగానే చెప్పాను: పదిహేనేళ్లకు పైగా ఒక మనిషి చెయ్యి ఒక దిక్కుకు పోతోంది, ఆ చెయ్యి తిప్పడం కంటే నా కోడ్ తిప్పడం తేలిక. "సరే, శుక్రవారం దాకా," అని తలుపేసుకున్నాడు.

నాకు తోడు పక్క సీటు గుజరాతీ పిల్ల. ఉద్యోగంలో చేరి ఏడాది, నోరు నిమిషం ఊరుకోదు, చెయ్యి అంతకంటే ఊరుకోదు. ఇద్దరం మొదలుపెట్టాం. వరుసల్ని తిరగేసి చూపించడం ఒక పూట పని. ఒకటో నంబరు అడుగున, పైకి పోయేకొద్దీ నంబరు పెరగాలి. ఎంటర్ కొడితే పైకి పోవాలి. గ్రిడ్ తెరుచుకోగానే అడుగు వరుసే కనిపించాలి. అసలు తంటా కొత్త వరుస దగ్గరొచ్చింది. పైన వరుస చేరిన ప్రతిసారీ తెర అంతా ఒక్క ఉదుటున ఎగిరి, కర్సర్ ఎక్కడో తేలేది. రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. చివరికి ఆ పిల్లే, "మాసీ, వరుసలు ఒక్కొక్కటే ఎందుకు చేర్చడం? డిజైన్‌కి ఎన్ని పోగులో ముందే అడిగి అన్నీ ఒకేసారి పరిచేద్దాం," అంది. అంతే, ఎగురుడు ఆగిపోయింది. ఆ పిల్లకు రెండు ప్లేట్ల లోచో తినిపించాను.

ఇక రెండుసార్లు నొక్కే గోల. దానికి మందు మాస్టరు నోట్లోనే ఉంది. ఆయన గళ్లు ఒక్కొక్కటిగా చూడడు, మూడెత్తు ఒకటి విడుపు అని గుంపులుగా చదువుతాడు. అయితే ఆ అంకెలే కొట్టనిద్దాం! మూడు కొడితే మూడు గళ్లు నల్లగా, తర్వాత ఒకటి కొడితే ఒకటి తెల్లగా. వరుస విడుపుతో మొదలైతే ముందు సున్నా. బ్యాక్‌స్పేస్ కొడితే చివరి గుంపు చెరిగిపోతుంది. అన్నీ కలిపి పదహారైతేనే ఎంటర్ పై వరుసకు పోనిస్తుంది, లేకపోతే వరుస ఎర్రబడుతుంది. మౌస్‌తో పనే లేదు. ఎడమ చెయ్యి కాగితం మీద, కుడి చెయ్యి అంకెల మీద.

శుక్రవారం మధ్యాహ్నం తీసుకెళ్లి చూపించాను. గ్రిడ్ తెరుచుకుంది. అడుగు వరుస లేత పసుపు రంగులో వెలుగుతోంది. మాస్టరు తెరకు ఆనేంత దగ్గరగా వంగి, "గిప్పుడు సమజయితుంది. ఇది కాగితమే గదనే," అన్నాడు. ఒక చిన్న డిజైన్ ఎక్కించి, చెరిపి, మళ్లీ ఎక్కించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

శనివారం. డిజైన్ల గదిలో శేఠ్, మేనల్లుడు, కొనేవాళ్ల మనిషి, నేను. కొనేవాళ్ల మనిషి పాత తాను ముక్కను సంచిలోంచి తీసి టేబుల్ మీద పరిచాడు. లావుగీత, సన్నగీత ఒకటి తర్వాత ఒకటి ఏటవాలుగా ఎక్కుతున్న బట్ట. నలభై ఎనిమిది వరుసల డిజైన్. శేఠ్ నా వైపు వేలు చూపించి, "బెన్, నువ్వు నోరెత్తకూడదు," అన్నాడు. సరేనని గోడకు ఆనుకున్నాను.

మాస్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఎడమ చేతి బొటనవేలు కాగితం అడుగు వరుస కింద పెట్టాడు. "మూడెత్తు, ఒకటి ఇడుపు..." టక్, టక్. మొదటి పది వరుసలు నెమ్మదిగా పోయాయి. ఇరవైకి చేతికి దారి దొరికింది. బొటనవేలు కాగితం మీద పైకి జరుగుతుంటే తెర మీద నలుపు కూడా అదే వేగంతో పైకి ఎక్కుతోంది. కొనేవాళ్ల మనిషి తాగుతున్న చాయ్ పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

ముప్పై ఒకటో వరుస ఎర్రబడింది.

ఎంటర్ కొట్టాడు. కదల్లేదు. మళ్లీ కొట్టాడు. కదల్లేదు. మేనల్లుడు ముందుకు వంగాడు. శేఠ్ గడియారం చూశాడు. ఒక గుంపు ఎక్కువ పడిందని నాకు గోడ దగ్గర్నించే కనిపిస్తోంది. చెప్పకుండా ఉండడానికి చున్నీ అంచు పళ్లతో పట్టుకున్నాను. మాస్టరు నా వైపు తిరగలేదు. బొటనవేలు వరుస మొదటికి తెచ్చుకుని, నోటితో మొదటినుంచి చదువుకున్నాడు. ఆగాడు. "పద్దెనిమిదైనయి. పదహారే గద ఉండాలె," అని తనలో తానే అనుకుని, బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టాడు. ఎరుపు పోయింది. ఎంటర్. బొటనవేలు పైకి జరిగింది.

"తప్పు వడితె ఆపుతది శేఠ్, మంచి మిషిను," అన్నాడు తల తిప్పకుండానే. అప్పుడు ఆయన గొంతులో బెరుకు లేదు. మిగతా పదిహేడు వరుసలు ఎప్పుడయ్యాయో నాకు తెలియనే లేదు. పెన్‌డ్రైవ్ తీసి మేనల్లుడి చేతికివ్వబోయి, ఇవ్వకుండా తానే పట్టుకుని మెట్లు దిగాడు.

మగ్గానికి పెట్టాడు. మీట నొక్కారు. ఆ మోతలో ఎవరి మాటా వినపడదు, అందరం బట్ట వైపే చూస్తున్నాం. ఒక వేలెడు, రెండు వేళ్లు, జానెడు. మగ్గం ఆపించి, శేఠ్ పాత ముక్కను తెచ్చి కొత్త బట్ట పక్కన అంచుకు అంచు ఆనించాడు. పాత ముక్కలో ఎక్కుతున్న గీత కొత్త బట్టలోకి వచ్చి అదే వాలులో కుడివైపుకు ఎక్కింది. లావుగీత పక్కన లావుగీత, సన్నగీత పక్కన సన్నగీత. కొనేవాళ్ల మనిషి రెండింటినీ వెలుతురు వైపు తిప్పి చూశాడు. రంగు ఒకటే. తల ఊపి, తానులు నేయడం మొదలుపెట్టమన్నాడు.

నాకు అక్కడే గంతులేయాలనిపించింది. వయసు గుర్తొచ్చి ఊరుకున్నాను, నవ్వు మాత్రం ఆపుకోలేకపోయాను. రంగులద్దేవాళ్లమట! ఆ మాటన్న మేధావులు ఆ క్షణాన అక్కడ ఉంటే ఎంత బాగుండేది!

శేఠ్ మాస్టరు భుజం మీద చెయ్యి వేశాడు. మేనల్లుడి వైపు తిరిగి, "కంప్యూటర్ ముందు మాస్టర్‌జీ కూర్చుంటారు. నువ్వు పక్కన స్టూలేసుకుని నేర్చుకో. ముందు కాగితం గీయడం, తర్వాత మిగతాది," అన్నాడు. మేనల్లుడు ఏమీ నొచ్చుకోలేదు పాపం, "చెప్పండి మాస్టర్‌జీ, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?" అని అక్కడికక్కడే అడిగాడు. మాస్టరు నా వైపు చూసి కన్నుగీటాడు. కిందినుంచి అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

తర్వాత ఆయన జేబులోంచి ఫోన్ తీసి మగ్గాల షెడ్డు బయటికి నడిచాడు. నేను చెప్పులేసుకుంటూ అక్కడే ఉన్నాను. లోపల మగ్గం మళ్లీ మొదలైంది, అందుకని ఆయన గట్టిగా అరవాల్సొచ్చింది.

"ఏమే, పాసైన!"

అవతలి నుంచి ఇల్లాలు ఏదో అడిగింది. ఆయన ఫోన్ రెండో చెవికి మార్చుకుని, రెండో చెయ్యి నోటికి అడ్డంపెట్టి, కార్ఖానా అంతా వినపడేలా చెప్పాడు.

"పోరి కాదే. పోరి పరీక్షలు ఇంకా కాలె. నేను. నేనే పాసైన!"